వెన్నులో సూది అంటే ఎందుకింత భయం?

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా పేజీలో ‘వింత జ్వరంతో చిన్నారి మృతి’ అని ఒక చిన్న వార్త వచ్చింది. జ్వరం, వాంతులు, మెడ బిగుసుకుపోవడం, ఫిట్స్, హైదరాబాద్ తీసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోవడం. మొత్తం నాలుగు లైన్లు. మాల్ అనే ఊళ్లో బస్సు ఆగినప్పుడు టీ తాగుతూ చదివాను. ఆ టీ తాగలేకపోయాను. ఆఖరి మాట ఒక్కటి తప్ప అందులో ఉన్నదంతా 2023లో మా ఇంట్లో జరిగిందే. అది వింత జ్వరం కాదండీ. నాకు అర్థమైనంత వరకు దాన్ని మెనింజైటిస్ అంటారు. మెదడునూ వెన్నుపామునూ చుట్టుకొని ఉండే పొరలకు వచ్చే వాపు. చాలాసార్లు దానికి తోడు సెప్టిసీమియా కూడా ఉంటుంది, అంటే సూక్ష్మజీవులు నేరుగా రక్తంలో పడి పెరగడం. ఈ రెండు పేర్లూ మన ఊళ్లలో ఎవరికీ తెలియవు. తెలియక మేం పోగొట్టుకున్నది మాకు తిరిగి రాలేదు కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను డాక్టర్‌ను కాదు. దేవరకొండ నుంచి హైదరాబాద్ పోయే బస్సులో పన్నెండేళ్లుగా కండక్టర్‌ను. ఇందులో నేను రాసిన వైద్యం సంగతులన్నీ మా పాప మంచం పక్కన కూర్చున్న రోజుల్లో డాక్టర్లు, సిస్టర్లు చెప్పినవి, ఆ తర్వాత నేను పదిమందిని అడిగి తెలుసుకున్నవి. రాసింది మా పీహెచ్‌సీ డాక్టరమ్మకు చదివి వినిపించాను. ఆమె రెండుచోట్ల దిద్దింది. ఉత్తరం పెద్దదైందని నాకు తెలుసు. చోటు చాలకపోతే ఎక్కడైనా కోసేయండి గానీ, వెన్నులో సూది గురించి, అంటే ఈ రోగం తేల్చడానికి నడుములోంచి నీళ్లు తీసే పరీక్ష గురించి రాసిన భాగం మాత్రం కోయకండి.

మా పాపకు అప్పుడు నాలుగేళ్లు. అంతకు ముందు వారమంతా చెవి నొప్పి అని ఏడ్చింది. మా అత్తమ్మ వెల్లుల్లి వేసి కాచిన నూనె రెండు చుక్కలు వేసింది. నొప్పి తగ్గిందనుకున్నాం. ఆదివారం రాత్రి జ్వరం మొదలైంది. సోమవారం నాది తెల్లవారుజామున మొదటి సర్వీసు. సెలవు పెట్టలేదు. మా ఆయన పాపను ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి తీసుకుపోతే ఆయన ఒక సూది వేసి, రెండు సీసాల మందు ఇచ్చాడు. సాయంత్రం నేను ఇంటికొచ్చేసరికి ఒళ్లు చల్లబడింది, ఒక ఇడ్లీ తిన్నది. అది జ్వరం తగ్గించే సూదే తప్ప రోగాన్ని తగ్గించేది కాదని మాకు అప్పుడు తెలియదు. ఒక రోజు అట్లా గడిచిపోయింది.

మంగళవారం జ్వరం మళ్లీ వచ్చింది, ఈసారి వాంతులతో. తల పట్టుకొని ‘తల పలుగుతుందమ్మా’ అన్నది. నాలుగేళ్ల పిల్ల తలనొప్పి అంటే నేను నమ్మలేదు, పెద్దవాళ్లను చూసి అంటుందనుకున్నాను. రాత్రి ట్యూబులైటు వేయగానే మొహం గోడవైపు తిప్పుకుంది. ‘అమ్మా, లైటు బంద్ చెయ్’ అన్నది. చీకటంటే భయపడి జీరో బల్బు లేకుండా పడుకోని పిల్ల అది. నేను లైటు ఆపేసి పక్కన పడుకున్నాను. ఇప్పుడు ఆ మాట గుర్తొస్తే గుండెలో కలుక్కుమంటుంది. ఆ రోగానికి వెలుతురు పడదని తెలిసి ఉంటే అప్పటికప్పుడే బయల్దేరేవాళ్లం.

మెడ సంగతి కూడా అంతే. మెడ నొస్తుంది, వంచలేకపోతున్నా అన్నది. మా అత్తమ్మ పుట్టిల్లు మర్రిగూడ మండలం. ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన మనిషి. ఆమె మెడ ఇరవై ఏళ్లుగా సరిగ్గా తిరగదు, పక్కకు చూడాలంటే మనిషే తిరగాలి. మా వైపు ఏ ఇంటికి పోయినా మెడ బిగుసుకుపోయిన పెద్దమనుషులు ఇద్దరైనా కనిపిస్తారు. అందుకే మెడ పట్టేసిందంటే మాకు అది రోగంగా అనిపించలేదు. దిండు సరిగ్గా లేదేమో అనుకున్నాం. ఫ్లోరైడ్‌తో వచ్చే బిగుతు ఏళ్ల తరబడి మెల్లగా వస్తుంది. ఈ జ్వరంలో వచ్చేది ఒకటి రెండు రోజుల్లో వస్తుంది. గదవ ఛాతికి ఆనించమంటే ఆనించలేరు.

ఇంకొకటి ఉంది. ఒళ్లు పెనంలా కాలుతుంటే పాదాలు, అరిచేతులు మాత్రం కుండలో నీళ్లంత చల్లగా ఉన్నాయి. కాళ్లకు ఉల్లిగడ్డ రసం రుద్ది సాక్సు తొడిగాను. వేడి పుట్టించాలని నా ఆరాటం. అది రక్తంలో పడ్డ విషానికి గుర్తు అని తర్వాత డాక్టర్ చెప్పారు. సూక్ష్మజీవులు రక్తంలో పెరిగినప్పుడు బీపీ పడిపోవడం మొదలవుతుంది. ఉన్న రక్తాన్ని గుండెకూ మెదడుకూ దక్కించుకోవడానికి ఒళ్లు చేతుల నుంచి, కాళ్ల నుంచి రక్తాన్ని వెనక్కి లాక్కుంటుంది. అందుకే అవి చల్లబడతాయి, పిక్కలు లాగుతాయి, చర్మం మచ్చలు మచ్చలుగా రంగు మారుతుంది.

మనవాళ్లు పుండుకు చీము పడితే ‘సెప్టిక్ అయింది’ అంటారు. రక్తమే సెప్టిక్ అయితే చీమూ కనపడదు, పుండూ కనపడదు. మా డిపోలో నాతో ఎన్నో ట్రిప్పులు చేసిన ఒక డ్రైవరన్నకు షుగర్ ఉంది. కాలి వేలికి రాయి తగిలింది, పట్టించుకోలేదు. ఒకరోజు వణుకుతూ డ్యూటీ దిగాడు. నా చేతికి తాళాలు ఇస్తుంటే ఆ వేళ్లు మంచుముక్కల్లా తగిలాయి, మొహం మాత్రం చెమటలు. ఆయాసపడుతున్నాడు. ఇది ఏ ఊరు అని నన్నే అడిగాడు. అప్పటికి నాకు పాప అనుభవం ఉంది కాబట్టి ఇంటికి పోనీయలేదు, ఆటో ఎక్కించి ఆసుపత్రికి పంపాం. కాలు పాదం దాకా తీసేయాల్సి వచ్చింది గానీ మనిషి దక్కాడు. జ్వరంలో మాట తికమక పడటం, ఊపిరి వేగంగా రావడం, మూత్రం తగ్గిపోవడం, చేతులూ కాళ్లూ చల్లబడటం, ఇవి కలిసి కనిపిస్తే చిన్నవాళ్లయినా పెద్దవాళ్లయినా తెల్లారేదాకా ఆగొద్దు.

మళ్లీ పాప దగ్గరికి వస్తాను. బుధవారం పొద్దున ‘గాలి సోకింది’ అని దర్గాకు తీసుకుపోయి తాయెత్తు కట్టించారు. నేను ఎవరినీ తప్పు పట్టను, నేనూ వెంట పోయాను. మధ్యాహ్నానికి పాప కళ్లు తెరిచి ఉంది గానీ నన్ను గుర్తుపట్టలేదు. 108కు ఫోన్ చేశాం. దేవరకొండలో చూసి, సెలైన్ పెట్టి, వెంటనే నల్లగొండ పంపించారు.

నల్లగొండలో మేం చేరిన ఆసుపత్రి పేరు రాయను. అక్కడ డ్యూటీలో ఉన్న పిల్లల డాక్టర్ పాపను వెల్లకిలా పడుకోబెట్టి, తల కింద చెయ్యి పెట్టి మెల్లగా పైకి ఎత్తారు. తల లేవగానే పాప మోకాళ్లు రెండూ వాటంతటవే పైకి ముడుచుకున్నాయి. కాళ్లను ఎవరూ ముట్టుకోలేదు. మెడ వంచితే ఆ పొరలు సాగి నొప్పి పెడతాయట, ఆ నొప్పికి మోకాళ్లు ముడుచుకుంటాయట. నా కళ్ల ముందు జరిగింది. డాక్టర్ మొహం మారిపోయింది. వెంటనే రక్తం తీయించి, యాంటీబయాటిక్ మొదలుపెట్టించారు. ‘నడుములోంచి నీళ్లు తీసి పరీక్ష చేయాలి, సంతకం పెట్టండి’ అన్నారు.

అక్కడ ఆగిపోయాం.

కాగితం ఇంగ్లిష్‌లో ఉంది, రెండు పేజీలు. మా ఆయన పెన్ను పట్టుకున్నాడు. మా అత్తమ్మ వచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది. ‘వద్దు బిడ్డా, నీళ్లు తీస్తే కాళ్లు పడిపోతయి. ఆడపిల్ల, రేపు నడవకపోతే ఎట్ల?’ అని ఏడ్చింది. మా ఆడపడుచు ఫోన్లో అదే మాట. పక్క మంచం వాళ్ల చుట్టం ఒకాయన, మాకు ముక్కూ మొహం తెలియని మనిషి, ‘మా ఊళ్లె ఒక పిలగానికి గిట్లనే తీసిండ్రు, రెండు కాళ్లు సచ్చుబడ్డయి’ అన్నాడు. మా ఆయన పెన్ను కింద పెట్టేశాడు. నేను కూడా పెట్టమని అనలేదు. ఆ రోజు సాయంత్రం నాలుగు నుంచి మర్నాడు పొద్దున పది దాకా సంతకం లేదు.

డాక్టర్ కోప్పడలేదు. మందు ఆపలేదు కూడా. కానీ ఏ సూక్ష్మజీవి అన్నది తెలియకుండా మందు ఇవ్వడం, కళ్లకు గంతలు కట్టుకొని బండి నడపడం ఒకటేనని అన్నారు. మెనింజైటిస్ అన్నది ఒక్క రోగం కాదు. వైరస్‌తో వస్తే చాలామందికి దానంతటదే తగ్గుతుంది. బ్యాక్టీరియాతో వస్తే గంటల్లో ప్రాణం తీయగలదు. టీబీతో వస్తే దాదాపు ఏడాది పాటు వేరే మందులు వాడాలి. పైకి చూస్తే మూడూ జ్వరం, తలనొప్పి, వాంతులే. ఏది అన్నది ఆ నీళ్లు చెప్పాలి.

తెల్లవారాక డ్యూటీకి వచ్చిన ఒక సిస్టర్, మా వైపు మనిషే, సెలైన్ మారుస్తూ మా ఆయనను అడిగింది.

‘ఈ పాప నార్మలా, ఆపరేషనా అన్నా?’

‘ఆపరేషన్.’

‘అప్పుడు మత్తు ఎక్కడిచ్చిండ్రు మీ ఇంటామెకు?’

మా ఆయన నా వైపు చూశాడు. నేను చెయ్యి వెనక్కి పెట్టి నడుము చూపించాను.

‘గదే జాగ. గప్పుడు సంతకం ఎవరు పెట్టిండ్రు?’

తనే పెట్టాడు. 2018లో, ఆపరేషన్ థియేటర్ బయట, ఒక్క నిమిషం కూడా ఆలోచించకుండా. ఆ సూది తర్వాత నేను లేచి, నడిచి, పాపను ఎత్తుకొని, ఇన్నేళ్లుగా కదిలే బస్సులో రోజంతా నిలబడి టికెట్లు కొడుతున్నాను. ఆ మాట విని ఆయన ఇంకేం మాట్లాడలేదు. పోయి సంతకం పెట్టి వచ్చాడు.

ఆ సూది గురించి ఆ సిస్టర్ చెప్పింది, తర్వాత డాక్టర్లు చెప్పింది వివరంగా రాస్తాను. మెదడు నుంచి కిందికి దిగే వెన్నుపాము నడుము దాకా పూర్తిగా రాదు. నడుము పైభాగంలోనే ఆగిపోతుంది. అక్కడి నుంచి కిందికి సన్నటి నరాల పోగులు నీళ్లలో తేలుతూ ఉంటాయి. గిన్నెలో నీళ్లలో సేమ్యా వేసి అందులో సూది పెడితే సేమ్యా పక్కకు జరుగుతుంది కదా, అట్లా పక్కకు జరుగుతాయి. సూది పెట్టేది వెన్నుపాము ఆగిపోయిన చోటుకు ఇంకా కింద. అందుకే వెన్నుపాముకు తగలదు. తీసే నీళ్లు ఒక టీ స్పూను కూడా ఉండవు. ఆ నీళ్లు ఎప్పటికప్పుడు ఊరుతూనే ఉంటాయి, పెద్దవాళ్లలో రోజుకు అర లీటరు దాకా. తీసింది కొద్ది గంటల్లోనే నిండిపోతుంది.

ఏ ఇబ్బందీ ఉండదని నేను అనను. సూది పెట్టిన చోట రెండు రోజులు నొప్పి ఉండొచ్చు, కొందరికి కొన్నాళ్లు తలనొప్పి వస్తుంది. మెదడులో ఒత్తిడి మరీ ఎక్కువగా ఉన్నా, రక్తం గడ్డకట్టే గుణం తగ్గినా, ఆ చోట చర్మం మీద పుండు ఉన్నా, మనిషి పరిస్థితి నిలకడగా లేకపోయినా డాక్టర్లే ఆపుతారు, కావాలంటే ముందు స్కానింగ్ తీయిస్తారు. అది వాళ్లు చూసుకునే లెక్క. మనం చేయాల్సింది ‘ఎందుకు తీస్తున్నారు, ఎప్పుడు తీస్తారు’ అని అడగడం. అడిగితే చెప్తారు.

మరి కాళ్లు పడిపోయిన పిల్లలు అబద్ధమా? అబద్ధం కాదు. దీని గురించి నేను చాలా రోజులు ఆలోచించాను. మన ఊళ్లలో ఆ సూది ఎప్పుడు పడుతుంది? ఆర్‌ఎంపీ అయిపోయి, తాయెత్తు అయిపోయి, ఇంకో రెండు ఆసుపత్రులు అయిపోయి, పిల్ల కళ్లు తేలేశాక. అప్పటికే రోగం మెదడులోకి పోయి ఉంటుంది. ఆ పిల్లల్లో కొందరు చనిపోతారు, కొందరికి కాలో చెయ్యో పడిపోతుంది, కొందరికి ఫిట్స్ మిగులుతాయి. రోగం కంటికి కనపడదు. సూది అందరికీ కనపడుతుంది. ఊరంతా సూదినే గుర్తుపెట్టుకుంటుంది. ఆ పేరు విని తర్వాతి ఇంటివాళ్లు ఇంకా ఆలస్యం చేస్తారు, వాళ్ల పిల్లకు ఇంకా ఎక్కువ నష్టం జరుగుతుంది, ఆ పాపం కూడా సూది ఖాతాలోనే పడుతుంది. బ్యాక్టీరియా మెనింజైటిస్ వచ్చిన ప్రతి ఆరుగురిలో ఒకరు చనిపోతారని, ఐదుగురిలో ఒకరికి పెద్ద లోపం మిగులుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అది రోగం చేసే పని.

మన తెలంగాణలో 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం నూటికి 60కి పైగా కాన్పులు ఆపరేషన్లే. అంత ఎక్కువ ఉండటం మంచిదా కాదా అన్నది వేరే చర్చ. నేను చెప్పేది ఒక్కటే, వాళ్లలో దాదాపు అందరికీ నడుములో ఆ చోటనే మత్తు సూది పడి ఉంటుంది. పొలాల్లో నాట్లు వేస్తున్నది వాళ్లే, బస్సులో నిలబడి పోతున్నదీ వాళ్లే.

మా పాప నీళ్లు తీసేటప్పుడు నన్ను బయట ఉంచారు. తర్వాత డాక్టర్ ఆ చిన్న గొట్టాన్ని కిటికీ వెలుతురుకు పెట్టి చూపించారు. మంచివాళ్లవి నల్లా నీళ్లలా తేటగా ఉంటాయట. మా పాపవి బియ్యం కడిగిన నీళ్లలా ఉన్నాయి. అది చూశాక మా అత్తమ్మ కూడా ఏమీ అనలేదు. రెండు రోజుల తర్వాత రక్త పరీక్షలో సూక్ష్మజీవి తేలింది, న్యుమోకాకస్. రక్తంలోనూ ఉంది, మెదడు పొరల్లోనూ ఉంది. పిల్లల ముక్కులో, గొంతులో మామూలుగానే ఉండే జీవి అట అది. చెవిలో చీముకు, న్యుమోనియాకు కూడా చాలాసార్లు అదే కారణం. పాపకు అంతకు ముందు చెవి నొప్పి వచ్చిందా అని డాక్టర్ అడిగినప్పుడు నాకు వెల్లుల్లి నూనె గుర్తొచ్చింది.

పద్నాలుగు రోజులు సూదులు ఇచ్చి ఇంటికి పంపారు. నడిచింది. రెండు కాళ్ల మీద, ఆసుపత్రి మెట్లు తనే దిగింది.

కానీ ఇంటికొచ్చాక పిలిస్తే పలకడం మానేసింది. కుక్కర్ విజిల్ వేస్తే ఉలిక్కిపడే పిల్ల, పక్కనే ఆడుకుంటూ తల కూడా ఎత్తలేదు. అంత జబ్బు పడి లేచింది, గారాబం ఎక్కువై మొండికేస్తుందని మేం అనుకున్నాం. ఒకసారి చెయ్యి కూడా చేసుకున్నాను. ఎందుకు కొట్టానో దానికి తెలియక నా మొహమే చూసింది. రెండు నెలలు దాటాక హైదరాబాద్‌లో చెవుల పరీక్ష చేయిస్తే కుడి చెవి పూర్తిగా పోయింది, ఎడమ చెవి సగం పోయింది. ఈ రోగం తర్వాత వినికిడి పోవడం చాలా మామూలని, అందుకే ఇంటికి పంపేముందే, లేదంటే నాలుగు వారాల్లోపు చెవుల పరీక్ష తప్పకుండా చేయించాలని అక్కడ చెప్పారు. రెండు చెవులూ పూర్తిగా పోయిన పిల్లలకైతే ఇంకా తొందర. చెవి లోపల నత్తగుల్లలా ఉండే భాగం ఈ వాపు తర్వాత ఎముకలా గట్టిపడిపోవచ్చు. అట్లా గట్టిపడితే కాక్లియర్ ఇంప్లాంట్, అంటే వినపడటానికి ఆపరేషన్ చేసి చెవి లోపల పెట్టే మిషన్, అమర్చడం కష్టమవుతుంది. డిశ్చార్జి కాగితంలో మాకు ఆ మాట ఒక్కటీ రాసి లేదు.

సంతకం ఆలస్యం వల్లే చెవులు పోయాయా అని డాక్టర్‌ను అడిగాను. ఏ గంటకు ఏం పోయిందో ఎవరూ చెప్పలేరమ్మా అన్నారు. ఆదివారం రాత్రి నుంచి బుధవారం సాయంత్రం దాకా పోయిన మూడు రోజులు మాత్రం నాకు లెక్క తెలుసు. ఇప్పుడు పాప రెండో తరగతి. ఎడమ చెవికి మిషన్ పెట్టుకుంటుంది. రోడ్డు మీద నాకు ఎప్పుడూ కుడి పక్కనే నడుస్తుంది, తన ఎడమ చెవి నా వైపు ఉండాలని. నేను నేర్పలేదు, తనే కనిపెట్టింది.

టీకాల సంగతి కూడా రాయాలి. పాప పుట్టినప్పుడు న్యుమోకాకస్ టీకా మన ప్రభుత్వ టీకాల్లో లేదు. ప్రైవేటులో డోసుకు వేల రూపాయలు. 2021 నుంచి దేశమంతటా ప్రభుత్వమే ఉచితంగా ఇస్తోంది. ఆరు వారాలకు, పద్నాలుగు వారాలకు, తొమ్మిది నెలలకు. మా బాబు 2022లో పుట్టాడు, వాడికి మూడు డోసులూ అంగన్‌వాడీలోనే వేశారు, పైసా ఖర్చు లేకుండా. ఐదు రోగాలకు ఒకే సూదిగా ఇచ్చే పెంటావాలెంట్‌లో మెనింజైటిస్ తెచ్చే ఇంకో సూక్ష్మజీవికి, హిబ్ అంటారు, అడ్డుకట్ట ఉంది. పుట్టగానే వేసే బీసీజీ పిల్లలను టీబీ మెనింజైటిస్ నుంచి చాలావరకు కాపాడుతుంది. సూది వేస్తే రాత్రి జ్వరం వస్తుందని రెండో డోసు ఎగ్గొట్టే తల్లులు నా బస్సులోనే రోజూ కనిపిస్తారు. దేవరకొండ వైపు నుంచి, పాలమూరు వైపు నుంచి బొంబాయి, పుణె పనులకు పోయేవాళ్లు పిల్లల టీకా కార్డు ఊళ్లో ట్రంకు పెట్టెలో పెట్టి పోతారు. ఆ కార్డు వెంట పెట్టుకొని పోండి. ఏ ఊరి ప్రభుత్వ ఆసుపత్రిలోనైనా మిగతా డోసులు వేస్తారు. హజ్‌కు పోయేవాళ్లకు మెనింజైటిస్ టీకా తప్పనిసరి, అది మెనింగోకాకస్ అనే వేరే సూక్ష్మజీవికి. ఒక పెద్దాయన బస్సులో ఆ కాగితం చూపించి ‘ఇది ఎందుకమ్మా’ అని అడిగితే చింతపల్లి నుంచి యాచారం దాకా ఇదే కథ చెప్పాను.

ఆ మెనింగోకాకస్ రక్తంలో పడితే ఒంటి మీద ఎర్రటి, ఊదా రంగు చుక్కలు లేస్తాయి. గాజు గ్లాసు చుక్కల మీద అదిమి పెట్టి చూడాలి. మామూలు దద్దురు అయితే ఒత్తిడికి మాయమవుతుంది. ఇది గ్లాసులోంచి అట్లాగే కనిపిస్తుంది. మనలాంటి నల్లటి ఒంటి మీద తొందరగా కనపడదు కాబట్టి అరికాళ్లు, అరిచేతులు, కంటి రెప్పల లోపల, నోటి పైభాగం చూడాలి. కానీ చుక్కల కోసం ఎదురుచూడకండి. మా పాపకు ఒక్క చుక్క కూడా రాలేదు.

అయ్యా, మీ పత్రికకు నా విన్నపం. ‘వింత జ్వరం’, ‘అంతుచిక్కని రోగం’ అని రాయకండి. ఆసుపత్రిలో అడిగి పేరు రాయండి. పేరు లేని రోగానికి జనం దర్గాకు, గుడికి పోతారు, పేరున్న రోగానికి ఆసుపత్రికి పోతారు. అన్నింటినీ కలిపి ‘మెదడువాపు’ అని కూడా రాయకండి. దోమ కుడితే వచ్చే జపనీస్ మెదడువాపు వేరు, ఇది వేరు. దోమతెరలు కట్టుకున్నాం కదా అని జనం ధీమాగా ఉంటున్నారు. ఆసుపత్రుల పెద్దలకు కూడా ఒక మాట చేర్చండి. సంతకం కాగితం తెలుగులో ఉండాలి, తండాల వాళ్లకు లంబాడీలో చెప్పే మనిషి ఒకరు ఉండాలి. డిశ్చార్జి కాగితంలో ‘చెవుల పరీక్ష, ఫలానా తేదీ’ అని రాసి ఇవ్వాలి. ఏటా అక్టోబర్ 5న ప్రపంచ మెనింజైటిస్ దినం. ఆ రోజు మీ జిల్లా పేజీలో ఒక పిల్లల డాక్టర్ చేత అర పేజీ రాయించండి.

ఒక్క సంగతి చెప్పి ఆపేస్తాను. పోయిన వానాకాలం కొండమల్లేపల్లిలో ఒక జంట ఎక్కారు. తండా వాళ్లు, చిన్న వయసు. ఆమెకు జీరో టికెట్ కొట్టి, అతనికి టికెట్ ఇస్తుంటే ఒళ్లో ఉన్న పిల్లవాడి ఏడుపు వినిపించింది. ఐదు నెలలు ఉంటాయేమో. మామూలు ఏడుపు కాదు, సన్నగా, కీచుగా, పిల్లి కూన అరిచినట్టు. తల్లి ఎత్తుకొని ఊపితే ఎక్కువ ఏడుస్తున్నాడు, ఒళ్లో కదలకుండా పెడితే ఊరుకుంటున్నాడు. నాకు అనుమానం వచ్చింది. తల మీద గుడ్డ తీసి మాడు మీద వేళ్లు ఆనించాను. మెత్తగా, సమంగా ఉండాల్సిన మాడు పైకి ఉబ్బి, పూరీలా బిగుసుకొని ఉంది. పసిపిల్లల్లో మెడ బిగుసుకోవడం చాలాసార్లు కనపడదు, మాడే చెబుతుంది.

‘ఆసుపత్రిల చూపిచ్చిండ్రా?’ అన్నాను.

‘చూపిచ్చినం అక్కా. వెన్నుల నీళ్లు తీస్తమన్నరు. మేం ఒప్పుకోలె. హైదరాబాద్‌ల నీలోఫర్ పిల్లల దవాఖానకు పోతున్నం’ అన్నాడు అతను.

నేను ఏం చెప్పినా తల వంచుకొని కూర్చున్నాడు. బస్సు నిండా ఆడవాళ్లే. లేచి నిలబడి, టికెట్లు అడిగే గొంతుతోనే అడిగాను. ‘ఆపరేషన్ కాన్పు అయినోళ్లు, నడుముల సూది ఏసుకున్నోళ్లు జెర చేతులు లేపుండ్రి.’ మొదట ఎవరూ లేపలేదు, నవ్వుకున్నారు. తర్వాత ఒక చెయ్యి, రెండు చేతులు, వెనక సీట్ల నుంచి ఇంకా. ఇరవైకి పైనే లేచాయి. పసుపుకొమ్ము తాళ్లతో ఉన్న కొత్త కోడళ్లు, కూలికి పోయే నడివయసు వాళ్లు, ఒక టీచరమ్మ. అతను వెనక్కి తిరిగి ఆ చేతులన్నీ చూశాడు. డ్రైవరన్న ఎక్కడా ఆపకుండా పోనిచ్చాడు. ఇబ్రహీంపట్నంలో 108 సిద్ధంగా ఉండేలా ఫోన్ చేశాం. దిగేటప్పుడు అతనికి టికెట్ వెనక నా నంబర్ రాసిచ్చాను.

మూడు వారాల తర్వాత ఫోన్ చేశాడు. ‘నీళ్లు తీసిండ్రు అక్కా. సూదులన్నీ అయిపోయినయి. పాలు తాగుతున్నడు, కాళ్లు ఆడిస్తున్నడు.’ చెవుల పరీక్ష చేశారా అని అడిగాను. ‘రేపు రమ్మన్నరు’ అన్నాడు.

ఇట్లు,
ఒక ఆర్టీసీ కండక్టర్,
చింతపల్లి మండలం, నల్లగొండ జిల్లా.